మీ కేసు మీరే చదువుకోండి – నాలుగో పాఠం: వారంట్ దానంతటదే పోదు

ఈ పాఠంలో రికార్డు క్లియర్ చేసుకోవడం గురించి చెప్తానన్నాను. చెప్తాను, కానీ చివర్లో. పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీ జవాబులు చదివాక నాకు రెండ్రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు, అందుకే ముందు వాటి సంగతి చూడాలి. ఒకాయన రాశారు, 2016లో ఊరేగింపు దగ్గర కొట్లాట కేసు, రెండు వాయిదాలకి వెళ్ళి తర్వాత పని మీద బెంగళూరు వెళ్ళిపోయారు, "ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారంట్) వచ్చి మూడేళ్ళు దాటింది సార్, ఈపాటికి లాప్స్ అయ్యుంటుంది కదా" అని. ఇంకొకరు ఆరు నెలలు అన్నారు. ఒకామె అయితే ఎస్‌ఐ ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు కాబట్టి పోయినట్టే అనుకున్నారంట.

పోదండీ. కోర్టు వారంట్‌కి గడువు తేదీ ఉండదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) 70(2)లో, దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 72(2)లో ఒకటే మాట ఉంది, వారంట్ ఇచ్చిన కోర్టు దాన్ని రద్దు చేసేదాకా లేదా పోలీసులు దాన్ని అమలు చేసేదాకా అది బతికే ఉంటుంది. ఎస్‌ఐ మారినా, జడ్జి గారు మారినా, మీరు ఇల్లు మారినా అంతే. నేను బెంచ్ క్లర్క్‌గా ఉన్నప్పుడు పదకొండేళ్ళ నాటి వారంట్‌లో ఒక మనిషిని తీసుకొచ్చి నిలబెట్టారు, కూతురి పెళ్ళి నాలుగు రోజుల్లో ఉంది. ఆ మనిషి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. అసలు కేసులో చూస్తే పెద్దగా ఏమీ లేదు, వాయిదాలకి వచ్చుంటే ఎప్పుడో అయిపోయేది.

ఒక్కసారి వరస చెప్పుకుందాం. మామూలుగా ముందు సమన్స్, రాకపోతే బెయిలబుల్ వారంట్, అప్పటికీ రాకపోతే నాన్‌బెయిలబుల్. ఇందర్ మోహన్ గోస్వామి కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, తిన్నగా ఎన్‌బీడబ్ల్యూకి పోవద్దని. బెయిలబుల్ వారంట్‌లో ఎంత మొత్తానికి ఎంతమంది జామీనుదారులు కావాలో, ఏ తేదీకి రావాలో రాసి ఉంటుంది, ఆ పూచీకత్తు ఇస్తే పోలీసులే వదిలేస్తారు. నాన్‌బెయిలబుల్‌లో ఆ రాత ఉండదు, కోర్టు ముందు పెట్టాల్సిందే. అంతేగానీ నాన్‌బెయిలబుల్ వారంట్ అంటే మీది నాన్‌బెయిలబుల్ నేరం అని కాదు, చిన్న చెక్ బౌన్స్ కేసులో కూడా వస్తుంది. దీన్ని చాలామంది కలిపేసుకున్నారు.

రీకాల్, అంటే వారంట్ రద్దు చేయించుకోవడం, ఎలా? లాయర్‌తో కలిసి మీరే స్వయంగా ఆ కోర్టుకి వెళ్ళడం, పిటిషన్ వేయడం, ఎందుకు రాలేదో చెప్పడం. వాయిదా దూరంగా ఉంటే తేదీ ముందుకు జరపమని ఇంకో పిటిషన్ కూడా పెడతారు. నేనైతే వాయిదా దాకా ఆగమని చెప్పను. పదిన్నరకి కాల్ వర్క్, అంటే కేసులు పిలవడం, మొదలయ్యే ముందే హాల్లో ఉండండి, మధ్యాహ్నం వెళ్తే ఆ రోజు మీ ఫైలు కదలకపోవచ్చు. జడ్జి గారు ఖర్చులు వేయొచ్చు, కొత్త జామీను అడగొచ్చు, రిమాండ్ కూడా చేయొచ్చు, అది దాచను. కానీ పోలీసులు పట్టుకొస్తే నిలబడే మనిషికీ, తనంతట తాను వచ్చి నిలబడే మనిషికీ చాలా తేడా ఉంటుంది, నేను కళ్ళారా చూశాను. కారణం నిజమే చెప్పండి. డబ్బులిచ్చి తెచ్చుకున్న జ్వరం సర్టిఫికెట్ వద్దు, అదే డాక్టర్ సంతకం ఆ వారంలో ఆ బల్ల మీదకి ఎన్నోసారి వచ్చిందో జడ్జి గారికి తెలుసు.

ఒక్కరోజు రాలేని పరిస్థితి అయితే ముందే గైర్హాజరీ పిటిషన్ వేయించాలి, పాతవాళ్ళు 317 పిటిషన్ అంటారు, కొత్త చట్టంలో 355. ఇది వేయించకపోవడం వల్లే సగం వారంట్లు పుడతాయని నా అభిప్రాయం. (కొత్త చట్టం వచ్చిన 2024 జులై 1కి ముందు మొదలైన కేసుల్లో కాగితాల మీద ఇంకా పాత నంబర్లే కనపడతాయి, కంగారు పడకండి.)

రీకాల్ అయ్యాక ఎవ్వరూ చేయని పని ఒకటుంది. కోర్టులో వారంట్ రద్దయింది సరే, స్టేషన్లో ఉన్న ఆ కాగితం సంగతేంటి? రీకాల్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి, ఒకటి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి ఆ స్టేషన్ కోర్టు కానిస్టేబుల్‌కి ఇచ్చి, మీ కాపీ మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ఊరు దాటి వెళ్ళేటప్పుడు ఆ కాపీ ఫొటో ఫోన్లో ఉంచుకోండి.

ఇక నాకు చాలా బాధ కలిగించిన తప్పుకి వస్తాను. "ఈకోర్ట్స్ యాప్‌లో కేసు డిస్పోజ్డ్ (ముగిసింది) అని వచ్చింది, కాబట్టి నా మీద కేసు లేదు" అని కనీసం అరడజను మంది రాశారు. ఆగండి. మీరు ఏ నంబర్ కొట్టారు?

ముగ్గురు ముద్దాయిలు ఉన్న కేసు అనుకోండి, ఏ1, ఏ2, ఏ3. ఏ3 దుబాయ్ వెళ్ళిపోయాడు, వారంట్ అమలు కాలేదు. కోర్టు ఎన్నాళ్ళని ఆగుతుంది, ఏ3 మీద కేసు విడదీసి, అంటే స్ప్లిట్ అప్ చేసి, దానికి వేరే సీసీ నంబర్ (కోర్టు కేసు నంబర్) ఇస్తుంది. మిగిలిన ఇద్దరి మీద విచారణ జరిగి కొట్టేస్తారు. పాత నంబర్ డిస్పోజ్డ్. ఏ1, ఏ2 ఊళ్ళో స్వీట్లు పంచుతారు, ఏ3కి ఫోన్ చేసి "రేయ్, మన కేసు కొట్టేశారు" అంటారు. వాడు నమ్ముతాడు, ఎందుకు నమ్మడు? యాప్‌లో కూడా చూస్తాడు, నిజమే. కానీ వాడి కేసు కొత్త నంబర్‌తో, కొత్త సీఎన్‌ఆర్‌తో (యాప్‌లో ప్రతి కేసుకీ ఉండే గుర్తింపు నంబర్), వాడి పేరు మీద వారంట్‌తో అలాగే ఉంది. చాలా ఏళ్ళు దొరకకపోతే లాంగ్ పెండింగ్ రిజిస్టర్‌లోకి మారుస్తారు, మేం ఎల్‌పీసీ అనేవాళ్ళం. ఎల్‌పీసీ అంటే మూసేయడం కాదు, మనిషి దొరికేదాకా పక్కన పెట్టడం. మనిషి దొరికిన రోజు మళ్ళీ తెరుస్తారు.

ఇదే అన్నదమ్ముల కేసులో చూశాను, వరకట్నం కేసులో ఆడపడుచు విషయంలో చూశాను, పేకాట కేసులో తొమ్మిదిమందిలో ఇద్దరి విషయంలో చూశాను. మిగతావాళ్ళని కొట్టేశారన్నది ఏ3కి పనికొస్తుంది, దాన్ని చూపించి హైకోర్టులో క్వాష్, అంటే కేసు కొట్టేయమని, అడగొచ్చు, అది లాయర్ పని. కానీ దానంతటదే వర్తించదు. అందుకే యాప్‌లో కేసు నంబర్‌తో ఆపకుండా పార్టీ పేరుతో కూడా వెతకండి, స్టేషన్ పేరు పెట్టి ఎఫ్‌ఐఆర్ నంబర్‌తో కూడా వెతకండి. ఒకే ఎఫ్‌ఐఆర్‌కి రెండు కేసులు కనపడితే స్ప్లిట్ జరిగి ఉండొచ్చు. మీ పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా కొట్టి చూడండి, లక్ష్మి అన్న ఒక్క పేరుకే నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి, ఇంటిపేరు ముందో వెనకో కూడా తెలీదు. యాప్‌లో ఏమీ దొరకలేదంటే కేసు లేదని కాదు, ఆ కోర్టు ఆఫీసులో అడగాల్సిందే.

ఇంకో తల్లి రాశారు, వాట్సాప్‌లో ఆవిడ పేరు మీద వారంట్ అని పీడీఎఫ్ వచ్చిందంట, వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు కెమెరా ముందు నుంచి కదలొద్దన్నాడంట. అమ్మా, అది మోసం. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు. వారంట్ మీద కోర్టు సీలు, జడ్జి సంతకం ఉండాలి, పోలీసు మనిషి స్వయంగా వచ్చి విషయం చెప్పి, అడిగితే చూపించాలి. పోలీసులు విచారణకి రమ్మని ఇచ్చే నోటీసు, పాత 41ఏ, కొత్త 35(3), అది వారంటే కాదు, దాన్ని కూడా వాట్సాప్‌లో ఇవ్వడం కుదరదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సరే, రికార్డు. అమెరికాలో ఉన్న పిల్లలు ఎక్స్‌పంజ్‌మెంట్ అనే మాట వాడుతూ ఇక్కడి కేసు కూడా అలా చెరిపించొచ్చా అని అడిగారు. మన దేశంలో పెద్దవాళ్ళ కేసులకి అలాంటి మామూలు పద్ధతి లేదు. ఉన్నవి ఇవి. పద్దెనిమిది లోపు పిల్లలకి జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో 24వ సెక్షన్, అప్పీలు గడువు అయ్యాక రికార్డు నాశనం చేయాలి, శిక్ష పడినా దాని వల్ల అనర్హత ఉండదు, పదహారు దాటి ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళతో సమానంగా విచారించిన వాళ్ళకి మాత్రం ఇది వర్తించదు. ప్రొబేషన్ చట్టం 1958 కింద మంచి నడవడి మీద వదిలితే 12వ సెక్షన్ వల్ల ఆ శిక్ష తాలూకు అనర్హత అంటదు. వేలిముద్రలూ ఫొటోలూ అయితే 2022 గుర్తింపు చట్టం ప్రకారం 75 ఏళ్ళు ఉంచుతారు, కానీ ఇదివరకు శిక్ష పడనివాళ్ళు విచారణ లేకుండా విడుదలైనా, విచారణకి తగ్గ ఆధారం లేదని కోర్టు డిశ్చార్జ్ చేసినా, అప్పీళ్ళన్నీ అయ్యాక నిర్దోషిగా తేలినా తీసేయాలి, కోర్టు వేరేలా చెప్తే తప్ప.

"క్లోజ్ అయింది" అన్న మాట మాత్రం నా దగ్గర వాడకండి. ఎలా క్లోజ్ అయింది? పోలీసులే మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ (ఫిర్యాదులో పొరపాటు) అని ఫైనల్ రిపోర్ట్ వేశారా, హైకోర్టు క్వాష్ చేసిందా, డిశ్చార్జా, విచారణ జరిగి కొట్టేశారా, లోక్ అదాలత్‌లో రాజీనా? కాంపౌండబుల్, అంటే చట్టం రాజీకి ఒప్పుకునే, కేసులో రాజీ అయితే నిర్దోషి అయినట్టే లెక్క. కానీ తప్పు ఒప్పుకుని ఫైన్ కడితే అది శిక్ష పడినట్టు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఫైన్ కట్టి బయటికొచ్చిన కుర్రాడు, మోటారు వాహనాల చట్టం 185 కింద మొదటిసారికి 10,000 దాకా ఉంటుంది, ఆ తర్వాత ఉద్యోగం ఫారంలో శిక్ష పడిందా అంటే "లేదు" అని రాస్తాడు, కేసు కంటే ఆ అబద్ధం ఎక్కువ నష్టం చేస్తుంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇదే విషయం మీద మాట్లాడింది, చిన్న కేసు దాచినా యజమాని చూసీచూడనట్టు వదిలేయొచ్చు, వదలక్కర్లేదు కూడా. అడిగింది చదివి, అడిగినంతకీ నిజం రాయండి. అమెరికా వీసా డీఎస్ 160 ఫారంలో అయితే శిక్ష ఒక్కటే కాదు, ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని కూడా అడుగుతారు, కేసు కొట్టేసినా అరెస్ట్ జరిగింది జరిగినట్టే.

పాస్‌పోర్ట్ గురించి ఒక్క ముక్క. కోర్టులో కేసు నడుస్తుంటే అసలు రాదని కాదు, 1993 నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు, ఆర్డర్‌లో ఎన్నాళ్ళకో రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. కాబట్టి పిటిషన్‌లోనే ఎన్నేళ్ళకి కావాలో అడిగించండి.

లాయర్‌కి డబ్బు లేదని ఆగిపోయినవాళ్ళు ఉచిత న్యాయ సహాయం నంబర్ 15100కి ఫోన్ చేయండి, ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

ఈసారి అభ్యాసం కష్టమే, పది రోజులు టైమ్ తీసుకోండి. మీదో, మీ ఇంట్లోవాళ్ళదో ఒక్క పాత కేసు తీసుకుని ఎఫ్‌ఐఆర్ తేదీ నుంచి చివరి ఆర్డర్ దాకా తేదీల వరస ఒక తెల్లకాగితం మీద రాయండి, ప్రతి తేదీ పక్కన ఆ రోజు ఏం జరిగిందో, దానికి మీ దగ్గర ఏ కాగితం ఉందో రాయండి. కాగితం లేని చోట ఖాళీ వదలండి, ఊహించి నింపొద్దు. ముద్దాయిలందరి పేర్లూ, ఒక్కొక్కరి మీద కేసు ఎలా ముగిసిందో విడివిడిగా రాయండి. చివరి ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి, ఆ నంబర్ కాగితం పైన వేయండి. వచ్చే పాఠం క్వాష్ పిటిషన్ గురించి, ఈ కాగితం పక్కన పెట్టుకునే చదవాలి.