బియ్యం డబ్బాలో లవంగ నూనె

వానలు మొదలైతే చాలు, మా హైదరాబాద్ ఇంట్లో 25 కిలోల సోనా మసూరి బస్తా సగానికి రాకముందే ముక్కు పురుగు పట్టేది. ఆదివారం ఉదయమంతా చేట పట్టుకుని చెరగడంతోనే సరిపోయేది.

ఇప్పుడు బస్తా రాగానే బియ్యాన్ని బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాల్లో పోస్తున్నాను. 10 కిలోల డబ్బాకు ఒక చిన్న దూది ఉండ, దాని మీద 8 చుక్కల లవంగ నూనె. మందుల దుకాణంలో పంటి నొప్పికి ఇచ్చే చిన్న సీసా చాలు. ఖాళీ మాత్రల డబ్బా మూతకు సూదితో చిల్లులు పొడిచి, దూదిని అందులో పెట్టి బియ్యం మీద ఉంచాలి. నూనె గింజలకు తగలకూడదు, పనిచేసేది దాని ఆవిరే. మూడు వారాలకోసారి చుక్కలు మళ్లీ వేస్తాను. వండే ముందు బియ్యాన్ని పళ్లెంలో కాసేపు ఆరబెట్టి కడగాలి. మొదటిసారి ఆ సంగతి మరిచిపోతే పెరుగన్నం కూడా పులావు వాసన కొట్టింది!

గోనె సంచిలో ఇది పనిచేయదు, ఆవిరి నిలవదు. పురుగు అప్పటికే పట్టి ఉన్నా అంతే. గింజ లోపలి గుడ్లు చావవు, కొన్నాళ్లకు మళ్లీ పురుగులు బయటికొస్తాయి.