ఎంత కడిగినా టెంప్లేట్ వస్తూనే ఉందా? ఎన్‌ఐపీ పైతేట చూడండి

సమస్య: మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడ్) కణాలకు సిలికా పూత వేసి, దానిపైన బిస్ఫినాల్-ఏ అనే ప్లాస్టిక్ రసాయనాన్ని అచ్చుగా, అంటే టెంప్లేట్‌గా పెట్టి ఎంఐపీ (అచ్చు పడిన పాలిమర్) చేశారు. ఆ టెంప్లేట్‌ను బయటికి తీయడానికి మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం 9:1 కలిపి పదిసార్లు కడిగారు. అయినా 276 నానోమీటర్ల దగ్గర యూవీ రీడింగ్ సున్నాకు దిగదు. బిస్ఫినాల్-ఏ ఇంకా లోపలే ఉందనుకుని మళ్లీ కడుగుతున్నారు.

ఆగండి. టెంప్లేట్ వేయకుండా చేసిన ఎన్‌ఐపీని కూడా అలాగే కడిగి, ఆ పైతేటను (కణాలు వేరుపడ్డాక పైన మిగిలే ద్రవాన్ని) యూవీలో పెట్టారా? యూవీలో చూడటం పది నిమిషాల పని. క్యాన్ నీళ్లు తాగే చెన్నైలో బిస్ఫినాల్-ఏ మీద పనిచేసే పిల్లలు చాలామందే నా దగ్గరికొస్తారు, ఈ పని చేసి వచ్చేవాళ్లు మాత్రం అరుదు. ఎన్‌ఐపీలోనూ అదే రీడింగ్ ఉంటే వస్తున్నది టెంప్లేట్ కాదు.

కారణం: చాలావరకు అది ఇనుము. సిలికా పూతలో సందులుంటే ఆమ్లం లోపలికి దూరి మాగ్నటైట్‌ను కరిగిస్తుంది. ఇనుము కూడా యూవీని పీల్చుకుంటుంది కాబట్టి ఒక్క 276 దగ్గరే చూస్తే తేడా తెలియదు. 250 నుంచి 450 దాకా స్కాన్ చేయండి. బిస్ఫినాల్-ఏకి 276 దగ్గర స్పష్టమైన శిఖరం ఉంటుంది, 300 దాటితే దాదాపు ఏమీ ఉండదు. ఇనుముది 350 దాటినా సాగే వాలు. ఇంకా అనుమానమైతే పైతేటలో రెండు చుక్కల సజల హెచ్‌సీఎల్, ఒక చుక్క పొటాషియం థయోసయనేట్ వేయండి. నెత్తురు రంగు తిరిగితే తేలిపోయినట్టే. నేను ఇది తెలియక మూడు వారాలు కడుగుతూ కూర్చున్నాను. మొదట్లో అయస్కాంతం పెట్టగానే గోడకు చేరిన కణాలు, చివరికి ఎంతసేపు పెట్టినా నీళ్లలోనే తేలుతుండేవి. కడిగి కడిగి లోపలి గుండెనే కరిగించేశాను.

పరిష్కారం: ఆ బ్యాచ్ వదిలేయండి, పాలిమర్ ఎక్కాక లోపల పూత వేయలేం. కొత్త మాగ్నటైట్‌ను పీహెచ్ 7 వచ్చేదాకా కడిగి, ఎండబెట్టకుండా తడిగానే సోనికేట్ చేయండి (అల్ట్రాసౌండ్‌తో కణాలను విడదీయండి). సిలికా పూతనిచ్చే ద్రవం టీఈఓఎస్‌ను రెండు విడతలుగా, చుక్కచుక్కగా వేయండి. మొదటి పూతలో మిగిలిన సందులు రెండోదాంతో మూసుకుంటాయి. ఈ ఊరి ఉక్కకు మూత సరిగా పెట్టని టీఈఓఎస్ సీసాలో తెల్లపలుకులు కనిపిస్తే ఆ సీసా వద్దు. మ్యాగ్నెటిక్ స్టిరర్ అసలే వద్దు, కణాలన్నీ లోపల తిరిగే అయస్కాంతపు బీడ్‌కే అంటుకుంటాయి. పైనుంచి తిప్పే మోటారు స్టిరర్ వాడండి.

పాలిమర్‌కు వెళ్లేముందు పూత వేసిన కణాలు చిటికెడు తీసుకుని, అదే 9:1 ద్రావణంలో రాత్రంతా కలుపుతూ ఉంచండి. పొద్దున థయోసయనేట్‌కు ఎర్రబడకపోతేనే ముందుకెళ్లండి.

పాలిమర్ చర్యను మొదలుపెట్టే ఏఐబీఎన్ పాతబడటం, నత్రజని చాలకపోవడం ఈ రీడింగ్‌కు కారణం కావడం అరుదు. అలా జరిగితే పాలిమరే సరిగా రాదు, మీకే తెలుస్తుంది.

ఎన్‌ఐపీ పైతేట శుభ్రంగా ఉండి, ఎంఐపీలో మాత్రమే 276 శిఖరం కనిపిస్తుంటే అది నిజంగా టెంప్లేటే. అప్పుడు కడగండి, చివరి మూడుసార్లు ఆమ్లం లేని మిథనాల్‌తో.