బ్రౌజర్ ఇంజిన్‌లో వర్కర్ స్క్రిప్టు: ఆపడం మొదట రాయండి

మా పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా రెండింటితోనూ పని పడుతుంది కనుక, నేను రాసుకుంటున్న చిన్న బ్రౌజర్ ఇంజిన్‌ను పరీక్షించడానికి ఒడియా–తెలుగు పదకోశం పేజీ ఒకటి తయారుచేసుకున్నాను. పదం వెతుకుతున్నంతసేపూ పేజీ బిగుసుకుపోతుండడంతో ఆ పనిని వర్కర్‌కు, అంటే పేజీని ఆపకుండా వెనక నడిచే స్క్రిప్టుకు, అప్పగించాను.

ప్రతి వర్కర్‌కూ సొంత థ్రెడ్ (విడిగా నడిచే పని వరుస), సొంత ఈవెంట్ లూప్ (వచ్చిన పనులను ఒక్కొక్కటిగా నడిపే చక్రం), సొంత జావాస్క్రిప్ట్ హీప్ (ఆబ్జెక్టులు ఉండే మెమరీ) ఇవ్వాలి. క్రోమ్‌లోని జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8 వాడుతున్నవారు ఒక్కో వర్కర్‌కు ఒక్కో ఐసొలేట్ (సొంత హీప్ ఉన్న విడి వీ8 ప్రతి) సృష్టించాలి. గ్లోబల్ ఆబ్జెక్టులో విండో, డాక్యుమెంట్ ఉండకూడదు; డామ్ చెట్టును (పేజీ భాగాల అమరికను) రెండు థ్రెడ్‌లు ఒకేసారి తాకితే దాన్ని కాపాడే తాళాలేవీ ఇంజిన్‌లో ఉండవు.

సందేశాలు నకలుగా వెళ్లాలి. అర్రేబఫర్‌ను (ముడి బైట్ల ముద్దను) బదిలీ చేసినప్పుడు మాత్రం నకలు తీయకుండా యాజమాన్యాన్ని మార్చి, పంపినవైపు దాని పొడవును సున్నా చేయాలి. స్క్రిప్టు ఇంకా దిగుమతి అవుతుండగానే పేజీ సందేశం పంపవచ్చు కనుక, స్క్రిప్టు మొదటిసారి నడిచి ముగిసేదాకా పోర్టు (సందేశాలు వచ్చే ద్వారం) వాటిని వరుసలో నిలిపి ఉంచాలి. నేను ఇది మరిచిపోయినందువల్ల మొదట అడిగిన ‘పాణి’ (నీళ్లు) అనే ఒడియా మాటకు జవాబే రాలేదు, రెండో మాటకు వచ్చింది.

అసలు కష్టం టెర్మినేట్‌లో, అంటే వర్కర్‌ను ఆపే పిలుపులో, ఉంది, అందుకే దీన్ని అన్నిటికంటే ముందు రాయమంటాను. ఆగమని జెండా ఎత్తి, ఈవెంట్ లూప్ దాన్ని చూసుకుంటుందని వదిలేస్తే సరిపోదు. స్క్రిప్టు అంతులేని వైల్ లూప్‌లో చిక్కుకుంటే అదుపు మళ్లీ ఈవెంట్ లూప్‌కు రానేరాదు. నడుస్తున్న కోడ్‌నే బయటి థ్రెడ్ నుంచి తెంచాలి. వీ8లో టెర్మినేట్‌ఎగ్జిక్యూషన్ ఇందుకే ఉంది. ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ స్పైడర్‌మంకీలోనైతే ఇంటరప్ట్ కాల్‌బ్యాక్ (నడుస్తున్న కోడ్ మధ్యలో ఇంజిన్ పిలిచే మన ఫంక్షన్) ఫాల్స్ తిరిగి ఇవ్వాలి. ఇలా తెంచినదాన్ని స్క్రిప్టులోని ట్రై–క్యాచ్ పట్టుకోలేదు, పట్టుకోనివ్వకూడదు కూడా. ఇంపోర్ట్‌స్క్రిప్ట్స్ (వర్కర్ మరో స్క్రిప్టును తెచ్చుకునే పిలుపు) నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు జావాస్క్రిప్టే నడవదు కనుక ఈ ఉపాయం పారదు. ఆ నిరీక్షణ జవాబు కోసమూ, ఆపుదల సంకేతం కోసమూ ఒకేసారి చెవి ఒగ్గేలా రాయాలి. ఆ తర్వాత మిగిలిన పనులను పారవేసి, ఈ వర్కర్ పుట్టించిన పిల్ల వర్కర్లను కూడా ఆపాలి. ఇదంతా ముగిసేదాకా ప్రధాన థ్రెడ్‌ను మాత్రం నిలబెట్టకండి, పేజీ మళ్లీ బిగుసుకుపోతుంది.

పరీక్షలకు, బ్రౌజర్లన్నీ పంచుకునే పరీక్షల సంపుటి వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్‌లోని వర్కర్స్ విభాగాన్ని వాడండి. అంతకుముందు, అంతులేని లూప్ ఉన్న వర్కర్‌ను వందసార్లు పుట్టించి ఆపే పేజీని మీరే రాసి, చివరికి థ్రెడ్‌ల లెక్క మొదటి అంకెకే తిరిగివచ్చిందో లేదో చూడండి.