బిజీ సర్వర్ పడిపోతోందా? ఓఎస్ మార్చే ముందు ఇవి చూడండి

ఒంగోలులో ఉండి నేను చూసుకునే సర్వర్లలో బాగా బిజీగా ఉండేది రొయ్యల ధరల సైట్. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రైతులు 30 కౌంట్ (కిలోకు 30 రొయ్యలు) ఎంత, 100 కౌంట్ ఎంత అని పొద్దున్నే అందరూ ఒకేసారి తెరుస్తారు. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) పెట్టుకున్న రైతుకు ఆ పూట ధర కనబడకపోతే, వ్యాపారి చెప్పిందే ధర. అందుకే సైట్ పడిపోతే నాకు చాలా టెన్షన్. ఒకసారి హోస్టింగ్ వాళ్లు చెప్పారని రెండు రాత్రులు కూర్చుని ఓఎస్ (లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) మార్చాను. మూడో రోజు పొద్దున మళ్లీ పడిపోయింది.

సమస్య: రద్దీ వేళ సైట్ నెమ్మదించి, డేటాబేస్ ఉన్నట్టుండి ఆగిపోతుంది

ముందు కెర్నల్ లాగ్ (ఓఎస్ తన లోపల జరిగేది రాసిపెట్టుకునే చిట్టా) తెరవండి. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని కనబడితే కారణం దొరికినట్టే. మెమరీ అయిపోతే లినక్స్ ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను) చంపేస్తుంది. చాలాసార్లు అది డేటాబేసే అవుతుంది.

మా సర్వర్ లెక్క చూడండి. ర్యామ్ 4 జీబీ. పీహెచ్‌పీ (సైట్ కోడ్ రాసిన భాష) నడిపే ఒక్కో అపాచీ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ప్రాసెస్ 50 ఎంబీ దాకా తీసుకుంటోంది. ప్రీఫోర్క్ పద్ధతిలో (ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్) అపాచీ మామూలుగా 256 ప్రాసెస్‌ల దాకా తెరుస్తుంది. 256ను 50తో గుణిస్తే 12,800 ఎంబీ. నాలుగు జీబీల్లో అది ఎక్కడ పడుతుంది? డేటాబేస్‌కూ ఓఎస్‌కూ ఒక జీబీ వదిలి, మిగతా మూడింటిని 50తో భాగించి పరిమితి 60 పెట్టాను. ఆ తర్వాత ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌కు మారి, ఫొటోలు ఇవ్వడం దానికి అప్పగించి, పీహెచ్‌పీని ఎఫ్‌పీఎంలో (పీహెచ్‌పీ ప్రాసెస్‌లను చూసుకునే మేనేజర్) విడిగా నడిపాను. అక్కడా ఇదే లెక్క. ఏ ఓఎస్ వేసినా ఇది మారదు.

సమస్య: మెమరీ ఉంది, సీపీయూ ఖాళీ, అయినా కొత్తవాళ్లకు సైట్ తెరుచుకోదు

ఎర్రర్ లాగ్‌లో ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని ఉంటుంది. లినక్స్‌లో ప్రతి కనెక్షనూ ఒక ఫైల్ లెక్కే. మామూలు పరిమితి 1024. ముందు ప్రాక్సీ (రిక్వెస్ట్‌లు అందుకుని వెనక సర్వర్‌కు పంపేది) ఉంటే ఒక్కో మనిషికి రెండు ఖర్చు. ఇక్కడ చాలామంది పొరబడతారు: లిమిట్స్ ఫైల్‌లో అంకె పెంచి, రీస్టార్ట్ చేసి, మారలేదేమని తల పట్టుకుంటారు. ఆ ఫైల్ లాగిన్ అయ్యే యూజర్లకే వర్తిస్తుంది. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీస్‌లను మొదలుపెట్టే ప్రోగ్రామ్) నడిపే సర్వీస్‌కైతే ఆ సర్వీస్ ఫైల్‌లోనే పరిమితి రాయాలి.

సమస్య: అప్‌డేట్ కొడితే సర్వర్ చిరునామా దొరకడం లేదంటోంది

ఓఎస్ మార్చాల్సింది ఈ సందర్భంలోనే. మీది సెంట్‌ఓఎస్ (లినక్స్‌లో ఒక రకం) అయి ఉంటుంది. 8కి 2021 డిసెంబర్ 31తో, 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. పాత ఆర్కైవ్‌కు దారి మళ్లిస్తే ప్యాకేజీలు దిగుతాయి కానీ, కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు.

సెంట్‌ఓఎస్‌కు చేయి అలవాటైతే ఆల్మాలినక్స్ గానీ రాకీ గానీ తీసుకోండి. కమాండ్లు దాదాపు అవే, సపోర్ట్ పదేళ్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను డెబియన్ చెబుతాను. అక్కర్లేనివి తక్కువ, ఎల్‌టీఎస్‌తో (దీర్ఘకాల సపోర్ట్) కలిపి ఐదేళ్లు నడుస్తుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ కూడా ఐదేళ్లే. ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ కాని ఇంకో ఓఎస్) నెట్‌వర్క్ పనిలో గట్టిది, దాని జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ స్నాప్‌షాట్‌లు (డిస్క్ ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచడం) చాలా ఉపయోగం. కానీ అర్ధరాత్రి మీరు అందుబాటులో లేకపోతే దాన్ని చూడగలిగే ఇంకో మనిషి మీ దగ్గర ఉన్నారా?

మారేటప్పుడు పీహెచ్‌పీ దగ్గర జాగ్రత్త. సెంట్‌ఓఎస్ 7తో వచ్చింది 5.4. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. కోడ్‌ను కొత్త సర్వర్ మీద విడిగా నడిపి చూశాకే డీఎన్‌ఎస్ (సైట్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) తిప్పండి. ముందు రోజే టీటీఎల్ (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలనే గడువు) 300 సెకన్లకు తగ్గించండి. రాత్రి ధరలు ఎవరూ చూడని వేళ మార్చి, పాత సర్వర్‌ను వారం రోజులు అలాగే ఉంచండి.