కుక్క వెన్ను నొప్పి: అసలు చోటు చేతికి దొరకాలంటే

ఎత్తుకోబోతే కుక్క కెవ్వుమంది. మన చెయ్యి పొట్ట కింద ఉంది కాబట్టి నొప్పి కూడా అక్కడే అనుకుంటాం. తీరా చూస్తే అది మెడ కదిలినందుకు పెట్టిన కేక. వెన్ను నొప్పి విషయంలో నేను ఎక్కువసార్లు మోసపోయింది ఈ కేకను నమ్మే. భయస్తురాలైన కుక్క ఎక్కడ తాకినా అరుస్తుంది, మొండిది డిస్కు (పూసల మధ్య ఉండే మెత్త) జారినా నోరు మెదపదు. నమ్మాల్సింది వేళ్ల కింద కండరాన్ని. ప్రతిసారీ ఒకే చోట బిగుసుకుంటోందా లేదా అన్నదే లెక్క.

నొక్కే పద్ధతి

పరీక్షకు ముందు నొప్పి మాత్ర వెయ్యకండి, ఆనవాలు చెరిగిపోతుంది. కుక్కను నిలబెట్టి ఒక అరచెయ్యి పొట్ట కింద ఆనించండి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు వెన్నుకు చెరోపక్క పెట్టి ఒక్కో పూస దగ్గరా నొక్కుతూ పోవాలి. అనుమానం ఉన్న చోటును చివరికి ఉంచుకోండి. మొదటే అక్కడ నొక్కితే కుక్క ఒళ్లంతా బిగబట్టేస్తుంది, ఇక ఏమీ తెలియదు. మొదటి విడత తేలిగ్గా, రెండో విడత కాస్త గట్టిగా.

ఆఖరి పక్కటెముక 13వది. దాని వెంట పైకి వెళ్తే ఛాతీ పూసలు ముగిసే చోటు తెలుస్తుంది. అక్కణ్ణుంచి నడుము పూసలు 7. తుంటి ఎముకల రెండు కొనల మధ్య, కొంచెం వెనగ్గా వేలికి తగిలే గుంట దగ్గర నడుము ముగుస్తుంది.

వేలు పడగానే ఊపిరి బిగబట్టడం, పెదవులు నాకడం, మీ చేతి వైపు తల తిప్పడం గమనించండి. వీపు మీద చర్మం జలదరిస్తే మాత్రం కంగారు పడొద్దు, అది మామూలు రిఫ్లెక్స్.

తల దించి నడుస్తోంది, నేల మీది గిన్నెలో తినడం లేదు

మెడ. పిలిస్తే తల తిప్పకుండా కళ్లు మాత్రమే తిప్పుతుంది. ఒక్కోసారి ముందు కాలు ఒకటి ఎత్తి పట్టుకుంటుంది. అది చూసి పాదంలో ముల్లు వెతికేవాళ్లే ఎక్కువ. మెడను మీ చేత్తో వంచకండి. బిస్కెట్ చూపించి ముక్కు భుజం దాకా వస్తుందేమో రెండు వైపులా చూడండి. చివావా లాంటి బుల్లి జాతుల్లో మొదటి రెండు పూసల కీలు వదులుగా ఉండొచ్చు. బలవంతంగా వంచితే వెన్నుపాము నలుగుతుంది.

కాలర్ తీసి హార్నెస్ (మెడకు కాకుండా ఛాతీకి కట్టే పట్టీ) వెయ్యండి, గిన్నె ఎత్తులో పెట్టండి. ఏడాది అటూ ఇటూ వయసు కుక్కకు మెడ బిగుసుకుని జ్వరం కూడా ఉంటే (39.2 సెల్సియస్ దాటితే) మెదడు పొరల వాపును అనుమానించాలి. దానికి విశ్రాంతి చాలదు, డాక్టర్ చూడాల్సిందే.

వీపు విల్లులా వంచింది, మెట్లెక్కడం లేదు

డాక్స్‌హుండ్ లాంటి పొట్టికాళ్ల జాతి అయితే పక్కటెముకలు ముగిసే చోట డిస్కు జారిందేమో చూడాలి. అయితే పొట్టలోని పాంక్రియాస్ (క్లోమం) వాపుకీ వీపు ఇలాగే వంగుతుంది. వీపు జోలికి పోకుండా పొట్టను మాత్రమే రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కండి. అప్పుడే బిగుసుకుంటే, పైగా వాంతులుంటే, దారి వేరు.

డిస్కే అయితే, నడవగలిగే కుక్కకు సుమారు 4 వారాలు బోనులో విశ్రాంతి. ఒంటికి, రెంటికి మాత్రమే తాడు కట్టి బయటికి. చాలా కేసులు చెడేది ఐదో రోజున: మందుకి నొప్పి తగ్గుతుంది, కుక్క సోఫా ఎక్కుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ లాంటి మన మాత్రలు సొంతంగా వెయ్యకండి. నొప్పి మందు మీద స్టెరాయిడ్ కలిపితే కడుపులో పుండ్లు పడతాయి.

లేవడానికి తంటా, కారులోకి గెంతడం లేదు

పెద్ద జాతుల్లో ఇది తుంటా, నడుము చివరా అన్న తకరారు ఎప్పుడూ ఉండేదే. వెనక కాలు వెనక్కి లాగితే రెండూ ఒకేసారి సాగుతాయి, కాబట్టి ఆ పరీక్షతో తేలదు. నడుము కదలకుండా కాలిని పక్కకు తెరవండి, నొప్పి పెడితే తుంటి. ఇందాకటి గుంటలో నొక్కినా, తోక మెల్లగా పైకెత్తినా కూలబడబోతే నడుము చివర. ఒకసారి ఒక లాబ్రడార్‌కి తుంటి ఎక్స్‌రేలు రెండు తీశాక గానీ నాకు తోక ఎత్తి చూడాలని తట్టలేదు. బరువు తగ్గించడం, గెంతనివ్వకపోవడం, డాక్టర్ ఇచ్చే నొప్పి మందు. జ్వరం, నీరసం తోడైతే డిస్కులో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి, దానికి వారాల తరబడి యాంటీబయాటిక్ పడుతుంది.

కాళ్లు ఈడుస్తోంది

ఇక నొక్కడం ఆపండి. ఒంటి బరువు మీరు మోస్తూ, వెనక పాదం పైభాగం నేలకు తగిలేలా మడవండి. మామూలు కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. అది సరిచేసుకోవడం ఆలస్యమైతే సమస్య నరాల దాకా వచ్చినట్టే. అసలు నిలబడలేకపోయినా, మూత్రం బిగిసినా తెల్లారేదాకా ఆగకుండా చెక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి.

ఈడుస్తోంది గానీ వెన్నులో ఎక్కడా నొప్పి లేదంటే, ఉన్నట్టుండి మొదలైందా, నెలల తరబడి పెరిగిందా అని అడగండి. మొదటిదైతే వెన్నుపాముకి రక్తం ఆగి ఉండొచ్చు, చాలా కుక్కలు ఫిజియోథెరపీతో కోలుకుంటాయి. రెండోది, ముసలి జర్మన్ షెపర్డ్‌లో అయితే, నరం మెల్లగా అరిగే జబ్బు కావచ్చు. దానికి నయం చేసే మందు లేదు. రోజూ నడిపించడం, పాదాలు ఒరుసుకుపోకుండా బూట్లు తొడగడం మాత్రమే చేతిలో ఉన్నవి.