నైరోబీ నుంచి దార్ ఎస్ సలామ్‌కు: విమానం ఎక్కేముందు జాగ్రత్తలు

తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానల కాలం. ఆ నెలల్లో కెన్యా రాజధాని నైరోబీ నుంచి టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ వెళ్లే పని పడితే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆకాశమార్గంలో దూరం సుమారు 670 కిలోమీటర్లు, నేరుగా వెళ్లే విమానంలో గంటంపావు, మహా అయితే గంటన్నర. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లినట్టే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక దేశం వదిలి ఇంకో దేశంలో దిగుతున్నాం. టెన్షన్ అంతా ఆ గంటంపావుకు ముందూ వెనకా ఉంటుంది.

అన్నిటికన్నా ముందు ఎల్లో ఫీవర్ కార్డు, అంటే ఆ జ్వరానికి టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్. కెన్యా ఆ జ్వరం ముప్పున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్లను టాంజానియా ఈ కార్డు అడుగుతుంది. తిరిగి మన దేశంలో దిగేటప్పుడూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. అంటే టికెట్ కొన్నాక ఆఖరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది కాబట్టి ఆ కార్డును పాస్‌పోర్టుతో పాటే ఉంచండి, పెద్ద సూట్‌కేసులో కాదు.

వీసా దగ్గర కూడా పొరపాటు పడుతుంటారు. ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకే, టాంజానియాకు పనికిరాదు. దానికి వేరే వీసా తీసుకోవాల్సిందే. కెన్యాలో 2024 జనవరి నుంచి వీసా స్థానంలో ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి) వచ్చింది. మళ్లీ నైరోబీ మీదుగానే ఇంటికి వచ్చేట్టయితే రెండోసారి ప్రవేశానికి అది సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. దార్ నుంచి టాంజానియాలోనే ఉన్న జాంజిబార్ దీవులు కూడా చూసొద్దామనుకుంటే, 2024 అక్టోబరు నుంచి అక్కడ ప్రత్యేక ఇన్సూరెన్స్ తప్పనిసరి.

పచ్చళ్లు, పొడులు సర్దేటప్పుడు షాపుల్లో ఇచ్చే చేతిసంచీ లాంటి ప్లాస్టిక్ కవర్లు వాడకండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి వాటిపై నిషేధం ఉంది. గుడ్డ సంచీలో స్టీలు డబ్బా పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

గట్టి వానలు పడితే నైరోబీలో రోడ్లు మునుగుతాయి, ట్రాఫిక్ నిలిచిపోతుంది. విమానాశ్రయంలో ఉన్నదేమో ఒకే రన్‌వే. అందుకే కనెక్టింగ్ విమానం మధ్య తక్కువ వ్యవధి పెట్టుకోకండి. రెండు విడి టికెట్లయితే మధ్యలో ఒక రాత్రి ఉంచుకోవడమే మేలు. రోడ్డున వెళ్దామంటే దాదాపు 900 కిలోమీటర్లు, వానల్లో నేనైతే సలహా ఇవ్వను.

టాక్సీ మాట్లాడుకునేటప్పుడు ఇంకో చిక్కు. అక్కడి స్వాహిలీ భాషలో గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు. మనకు ఉదయం ఏడు, వాళ్లకు ఒంటిగంట. డ్రైవరు “రెండింటికి వస్తా” అంటే ఎనిమిదని అర్థం కావచ్చు. ఫోన్‌లో 08:00 అని కొట్టి చూపించండి.

కుడివైపు కిటికీ సీటు దొరికితే, మబ్బు లేనప్పుడు కిలిమంజారో కనిపిస్తుంది. వానాకాలంలో దాని కోసం అదనంగా డబ్బు కట్టకండి.

నైరోబీ 1,600 మీటర్లకు పైన ఎత్తులో చల్లగా ఉంటుంది, దోమల బెడద తక్కువ. దార్ సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ మలేరియా ఉంది. మాత్రల గురించి బయల్దేరకముందే డాక్టరుని అడగండి. తిరిగొచ్చిన కొన్ని వారాలకు జ్వరం తగిలినా సరే, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకు ముందుగా చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.