సీపీఎస్ ఉద్యోగం మానేస్తున్నారా? ప్రాన్ ఖాతా సంగతి ముందు చూసుకోండి

ప్రభుత్వ ఉద్యోగానికి రాజీనామా చేసేవాళ్లు రిలీవింగ్ ఆర్డర్ కోసం, నో డ్యూస్ కోసం ఎంత తిరుగుతారో నాకు తెలుసు, నేనూ తిరిగాను. ఆ హడావిడిలో అందరం మర్చిపోయేది సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీం) డబ్బు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు కదా, బేసిక్, డీఏ కలిపి 10 శాతం మన జీతంలో కోసి, అంతే మొత్తం ప్రభుత్వం వేసి ప్రాన్ (మన పేరున ఉండే శాశ్వత పెన్షన్ ఖాతా నంబరు) ఖాతాలో జమ చేస్తారు. ఉద్యోగం పోయినా ఆ ఖాతా మనదే, నంబరు కూడా మారదు.

రిలీవ్ కాకముందే చేయాల్సిన పని ఒకటుంది. ప్రాన్ లాగిన్‌లోకి వెళ్లి స్టేట్‌మెంట్ తీసి, పే స్లిప్పులు పక్కన పెట్టుకుని నెల నెలా సరిచూడండి. నా ఖాతాలో రెండు నెలల కోత జీతంలో కనపడింది గానీ ప్రాన్‌లో పడలేదు. సీట్లో ఉన్నప్పుడు డీడీవో (జీతాల బిల్లులు చేసే అధికారి) దగ్గరికి నడిచి వెళ్లి అడగొచ్చు, బయటికొచ్చాక అదే పనికి నెలలు పడుతుంది. మొబైల్ నంబరు, బ్యాంకు ఖాతా, నామినీ వివరాలు కూడా అప్పుడే మార్చేయండి.

ఇక డబ్బు తీసేయాలా వద్దా? తీయొద్దనే నేను గట్టిగా చెబుతాను. 60 ఏళ్లలోపు బయటికొస్తే, నిల్వ మరీ చిన్నదైతే తప్ప, 80 శాతంతో యాన్యుటీ కొనాల్సిందే. అంటే ఖాతాలో 10 లక్షలుంటే చేతికొచ్చేది 2 లక్షలే, మిగతా 8 లక్షలు నెలవారీ పెన్షన్ కోసం బీమా కంపెనీకి వెళ్తాయి. ముప్పై అయిదేళ్ల మనిషి ఇంకా పెరగాల్సిన డబ్బును అలా కట్టేసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

దానికి బదులు ఖాతాను ప్రభుత్వ విభాగం నుంచి అందరు పౌరుల విభాగానికి మార్చుకోండి, దీన్నే ఇంటర్ సెక్టార్ షిఫ్టింగ్ అంటారు. ఐఎస్ఎస్-1 ఫారం నింపి, ఎన్‌పీఎస్ (మన సీపీఎస్ డబ్బు ఉండే జాతీయ పెన్షన్ పథకం) సేవలిచ్చే బ్యాంకులో ఇస్తే సరిపోతుంది. కొత్త ప్రాన్ మాత్రం తెరవకండి, ఒక మనిషికి ఒకటే ఉండాలి. మీరు అనుమతితో ఇంకో ప్రభుత్వ శాఖలో చేరుతుంటే ఈ గొడవేమీ లేదు, పాత నంబరే కొత్త డీడీవోకు ఇవ్వండి.

ఇప్పుడు ఛార్జీలు. ఇప్పటిదాకా ఖాతా రికార్డులు నిర్వహించే ఛార్జీని ప్రభుత్వం భరించింది కాబట్టి మనకు తెలియలేదు, ఇక నుంచి అది మన ఖాతాలోంచే పోతుంది. 2025 అక్టోబరు నుంచి దీనికి శ్లాబులున్నాయి: నిల్వ 2 నుంచి 10 లక్షల మధ్య ఉంటే ఏడాదికి 150 రూపాయల వరకు, 10 నుంచి 25 లక్షలైతే 300 వరకు, పైన జీఎస్టీ. ఫండ్ మేనేజర్ రుసుము వందకు ఏడాదికి కొన్ని పైసలే, దానికి టెన్షన్ అక్కర్లేదు.

మనం చూసుకోవాల్సింది డబ్బు కట్టిన ప్రతిసారీ పడే ఛార్జీ. బ్యాంకు ద్వారా కడితే అర శాతం వరకు, కనీసం 30 రూపాయలు. ఈ-ఎన్‌పీఎస్ వెబ్‌సైట్‌లో సొంతంగా కడితే 0.20 శాతం, కనీసం 15 రూపాయలు. ఈ 'కనీసం' దగ్గరే చిన్న మొత్తాలు కట్టేవాళ్లు నష్టపోతారు. నెలకు 500 చొప్పున ఈ-ఎన్‌పీఎస్‌లో కడితే ప్రతిసారీ జీఎస్టీతో 17 రూపాయల 70 పైసలు, అంటే ఏడాదికి 212 దాటుతుంది. అదే 6,000 ఒకేసారి కడితే మొత్తం ఖర్చు ఆ 17.70 మాత్రమే! అందుకే నేను విడిగా పొదుపు ఖాతాలో వేసుకుంటూ, 7,500 జమ అయ్యాక ఒక్కసారి పంపుతాను, ఎందుకంటే ఆ మొత్తానికి 0.20 శాతం సరిగ్గా 15 రూపాయలు. అంతకంటే ఎక్కువైనా శాతం అదే కాబట్టి ఇంకా ఆగి లాభం లేదు.

ఏడాదికి కనీసం 1,000 కట్టకపోతే ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కాబట్టి చేతిలో ఏమీ లేని ఏడాదిలో కూడా ఆ వెయ్యి వేయండి.

కొత్త ప్రైవేటు కంపెనీలో కార్పొరేట్ ఎన్‌పీఎస్ (కంపెనీ ద్వారా నడిచే ఎన్‌పీఎస్) ఉందేమో చేరేటప్పుడే హెచ్ఆర్‌ను అడగండి. యజమాని వేసే మొత్తానికి, కొత్త పన్ను విధానంలో బేసిక్, డీఏల మీద 14 శాతం వరకు మినహాయింపు దొరుకుతుంది. మనం సొంతంగా కట్టే 50,000కు దొరికే అదనపు మినహాయింపు పాత విధానంలోనే ఉంది, అది నమ్ముకుని లెక్కలు వేసుకోకండి.

షిఫ్టింగ్ ఫారంలో ఫండ్ మేనేజర్‌నూ, ఈక్విటీలో ఎంత పెట్టాలో కూడా మీరే ఎంచుకోవాలి. ఖాళీగా వదలకండి. మారిన తర్వాత వచ్చే మొదటి స్టేట్‌మెంట్‌లో పాత నిల్వ పూర్తిగా వచ్చిందో లేదో, రిలీవ్ రోజున మీరు దాచుకున్న కాపీతో పోల్చి చూడండి.